అజ్జుర్రో కలిపిన చేయి

నర్సయ్యగారు వెళ్లిపోయారు. నెల కిందట ఒక శుక్రవారం పొద్దున దోహా లేబర్ క్యాంప్‌లో టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కాసేపు నడుం వాలుస్తానని మంచమెక్కిన మనిషి మళ్లీ దిగలేదు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు. వయసు యాభై నాలుగు.

ఆ కబురు నాకు ఫోన్‌లో చెప్పింది ఖాన్ చాచా. పెషావర్ వైపు పఠాన్, మా కంపెనీలో ప్లాస్టరింగ్ మేస్త్రి, క్యాంప్‌లో నర్సయ్యగారి పక్క మంచం ఆయనదే. "నర్సయ్య భాయ్ చలా గయా, సాబ్" అన్నాడు. "ఎక్కడికి?" అని అడిగాను. నిజంగానే అడిగాను. ఇక్కడ ఫుట్‌బాల్ ప్రపంచకప్పు ముంచుకొస్తోందని మేస్త్రీలను పొద్దునొక సైటుకి, సాయంత్రమొక సైటుకి తరుముతున్న రోజులివి. అట్లాగే ఎక్కడికో పంపి ఉంటారనుకున్నాను. చాచా అదే మాట మళ్లీ, ఈసారి మెల్లగా అన్నాడు. అప్పుడు నాకు తెలిసివచ్చింది. తెలిశాక నేను చేసిన మొదటి పని మా గది గోడకేసి చూడటం. ఆ గోడ మీద ఆయన సగంలో వదిలిన పని ఒకటుంది. అది సగంలో ఆగింది నా వల్లే.

ఈ వ్యాసం చదివే దోహా తెలుగువాళ్లలో చాలామంది నర్సయ్యగారిని చూసి ఉండరు. కానీ వెస్ట్ బేలో ఆయన వేసిన రంగు కింద కూర్చుని కాఫీ తాగి ఉంటారు. సిరిసిల్ల దగ్గర పల్లెలో నూలుకు రంగులద్దే ఇంట పుట్టారు. మగ్గాలకు పని తగ్గి అద్దకం మూలపడ్డాక ఖతర్ వచ్చి, ఇరవై రెండేళ్లు గోడలకు రంగు వేశారు. గల్ఫంతా దుబాయే అనుకునే ఊళ్లో బంధువులకు మాత్రం ఆయన చివరిదాకా దుబాయ్‌లోనే ఉన్నారు. దిద్దే ప్రయత్నం కూడా ఆయన చెయ్యలేదు.

ఇక నా సంగతి. సంస్కృతాంధ్రాలు చదివి, ఆ చదువుకి ఎక్కడా కుర్చీ దొరక్క, ఇక్కడ డాక్యుమెంట్ కంట్రోలర్‌గా కుదురుకున్నాను. వచ్చిన కాగితానికి నంబరు వేసి, పోవలసిన చోటికి పంపడం నా ఉద్యోగం. పెళ్లి చేసుకోలేదు. నజ్మాలో ఒక పాత ఇంటిని చెక్క పలకలతో ఏడు ముక్కలు చేసి అద్దెకిస్తే, అందులో కిటికీ లేని ముక్క నాది. ఇంతటి శాస్త్రపాండిత్యం గల నేను ఒక రంగుల మేస్త్రికి శిష్యుణ్ణి కావడానికి కారణం ఒక ఇటాలియన్ విశేషణం. దాన్ని మొదట పాడుచేసినవాణ్ణీ నేనే.

వెస్ట్ బేలో ఒక హోటల్ లాబీ పని జరుగుతోంది. రంగులు ఖాయం చేయడానికి ఇటలీ నుంచి లూచియాగారని ఒక సలహాదారు వచ్చారు. అరవై దాటిన మనిషి, ఒంటరిది, లాబీ పైకప్పుకి రంగు పేరుగా ఒకే మాట రాసిచ్చారు. అజ్జుర్రో. ఆ కాగితం నా బల్ల మీదికొచ్చింది. నేను నిఘంటువు తెరవలేదు. సాక్షాత్తూ అమరం వల్లెవేసినవాణ్ణి, ఒక్క పేజీ తిప్పడానికి బద్ధకించి, పక్కన "బ్లూ" అని రాసి, నంబరు కొట్టి, సైటుకి పంపేశాను. వాళ్లు ముదురు నీలం వేశారు. ఆమె వచ్చి తల అడ్డంగా ఊపారు. కాస్త పలుచన చేసి వేశారు. మళ్లీ తల ఊపారు. మూడోసారి కూడా అంతే. మూడుసార్లు అంత పైకప్పుకి, మెడలు వెనక్కి విరిచి రంగు వేసింది నర్సయ్యగారి జట్టు. మేనేజరు అందరి ముందూ ఆయన్ని తిట్టాడు. తప్పు కాగితంలో ఉందని ఆయనకి అప్పటికే తెలుసు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆయన నావైపు చూడనైనా చూడలేదు. "మల్ల ఏస్తం సార్" అని మాత్రం అన్నారు.

సాయంత్రం నేనే వెళ్లి క్షమించమన్నాను. ఆయన బ్రష్షులు కడుక్కుంటున్నారు.

"గదంత ఇడిసిపెట్టున్రి సారూ. మీకు ఆమె బాస ఒస్తదా?"

"ఇంగ్లీషులో మాట్లాడతాను."

"అయితే నా దిక్కుంచి ఒక్క మాట అడుగున్రి. గా రంగు ఆమె ఏడ జూసిందట?"

అదీ నర్సయ్యగారి పద్ధతి. ఏ రంగు కావాలని ఆయన ఎవర్నీ అడిగేవారు కాదు. షేడ్ కార్డు పరిచి వేలు పెట్టమనేవారు కాదు. "పేరడిగితె మనిషి తెలిసిన పేరే చెప్తడు సారూ. ఏడ జూసిన్రు అనడిగితె కండ్లు మూసుకుంటడు. గప్పుడు రంగొస్తది" అనేవారు. అద్దకంలో వాళ్ల నాయన నేర్పిన విద్య అది. చీరకు చాయ చెప్పడానికి వచ్చిన ఆడవాళ్లను వాళ్ల నాయన ఇలాగే అడిగేవాడట. ఫలానా చేను, ఫలానా పిట్ట, పోయిన మేనత్త కొంగు అని వాళ్లు చెబితే, ఇంకేం మాట్లాడకుండా గాబులో రంగు కలిపేవాడట.

మరునాడు లూచియాగారిని అడిగాను. ఆమె నన్ను వింతగా చూశారు. తర్వాత నిజంగానే కళ్లు మూసుకున్నారు. వాళ్ల నాన్న చేపలు పట్టేవాడు. పడవ లోపలివైపు ఏటా తనే రంగు వేసుకునేవాడు. గాలులెక్కువైన కాలంలో పడవని ఇసుక మీద బోర్లిస్తే, చిన్నప్పుడు ఈమె దాని కిందికి దూరి వెల్లకిలా పడుకునేది. పలకల సందుల్లోంచి ఎండ సన్నగా దిగేది. తల మీద ఉండే ఆ రంగు అజ్జుర్రో. ఈ హోటల్లోకి ఎక్కడెక్కడినుంచో ఒంటరిగా వచ్చే మనుషుల నెత్తిన దాన్ని పరుద్దామని ఆమె ఉద్దేశం. అదంతా కాగితం మీద రాయడానికి సిగ్గుపడి ఒక్క మాట రాశారు. ఆ ఒక్కదాన్నీ నేను తగలేశాను.

నర్సయ్యగారు విని, రెండే ప్రశ్నలు వేశారు. పడవ రంగు కొత్తదా, పాతబడ్డదా? ఉప్పు తేలి ఉండేదా? పాతదే, ఉప్పు తేలి ఉండేదని జవాబొచ్చింది. అప్పుడు మొదలుపెట్టారు. తెల్ల రంగు డబ్బాలో నీలం వేశారు. ఆకుపచ్చ, గోటితో గీరినంత. ఎర్రమట్టి రంగు చుక్క. నలుపు పుల్ల కొసతో అంటించి తీశారు. అట్ట మీద రాసి, ట్యూబులైటు కింద చూడకుండా ఎండలోకి పట్టుకెళ్లి ఆరబెట్టారు. "తడి మీద రంగు అబద్ధమాడ్తది సారూ. ఆరినంకనే అసలు సంగతి చెప్తది." పదకొండు అట్టలు పారేశారు. పన్నెండోది పైకప్పుకెక్కింది. లూచియాగారు వచ్చి, మెడ వెనక్కి వాల్చి చూస్తూ చూస్తూ ఉండిపోయారు. నెత్తిమీది హెల్మెట్ జారి కింద పడి దొర్లిపోయింది. ఆమె దాన్ని తీసుకోలేదు. "అజ్జుర్రో" అన్నారు, ఎవరితోనూ కాదు.

అప్పటికి నాకు సిగ్గొచ్చి నిఘంటువులు తీశాను. ఇటలీ వాళ్లకి నీలం ఒకటి కాదు. ముదురైతే బ్లూ. ఆకాశంలా లేతగా, అయినా నిండుగా ఉంటే అజ్జుర్రో. మనం ఎరుపునీ పసుపునీ వేరుగా చూసినంత సహజంగా వాళ్లు ఈ రెంటినీ వేరుగా చూస్తారు. ఆడపిల్లలకు కథల్లో గుర్రమెక్కి వచ్చే రాకుమారుడికి కూడా అదే విశేషణం. వాళ్ల బంతాట జట్టుకూ అదే పేరు, ఆ రంగు అంగీలు తొడుక్కుంటారు గనక. జెండాలో మాత్రం ఆ రంగు లేదు. ఇది చెబితే నర్సయ్యగారు కుంచె దించి, "జెండల లేని రంగు అంగికెట్లొచ్చింది?" అని నిలదీశారు. పూర్వం వాళ్ల దేశాన్నేలిన రాజవంశపు రంగు అదని, రాజ్యం పోయినా రంగు ఉండిపోయిందని చెప్పాను. "మంచిదే. రంగన్న మిగిలింది" అన్నారు.

ఆ మాట పుట్టుక దగ్గర ఖాన్ చాచా కల్పించుకున్నాడు. పక్క గోడకు ప్లాస్టరింగ్ చేస్తూ పైకి చూసి, "అరే, యే తో లాజ్‌వర్ద్ హై! హమారే ఉధర్ పహాడ్ సే ఆతా హై" అన్నాడు. అది వాళ్ల వైపు కొండల్లోంచి వచ్చే నీలిరాయట, వాళ్ల నాయనమ్మ ఉంగరంలో ఉండేదట. నేను నోరు తెరిచాను. ఎందుకంటే పుస్తకాలూ అదే చెబుతున్నాయి. అఫ్గాన్ కొండల్లో లాజ్‌వర్ద్ అనే చోట తవ్విన నీలిరాయికి ఆ ఊరి పేరే పారసీకులు పెట్టుకున్నారు. అరబ్బులు దాన్ని తమ మాట చేసుకున్నారు. రాయితో పాటు మాట కూడా ఓడలెక్కి ఇటలీ రేవుల్లో దిగింది. దిగేటప్పటికి మొదటి అక్షరం ఊడిపోయింది. రాయి పొడి అయింది, పొడి చిత్రకారుల రంగయింది, రంగు విశేషణమైంది. ఆ రాయికే మన రసశాస్త్రంలో రాజావర్తమని పేరు. నేను కళాశాలలో బట్టీపట్టిన మాటే అది. రాయిని మటుకు ఏనాడూ చూసిన పాపాన పోలేదు.

నర్సయ్యగారు ఇదంతా శ్రద్ధగా విన్నారు. సైటులో నా పాండిత్యాన్ని చెవిన వేసుకున్న ఏకైక ప్రాణి ఆయన.

"అంటే గీ మాట గూడ మన లెక్కనే దేశం బోయిందన్నట్టు."

"అంతే నర్సన్నా."

"పోయినకాడ పేరు సగం తెగ్గోసిన్రు. నన్ను గూడ ఈడ నర్సీ అనే పిలుస్తరు." డబ్బా మూత బిగిస్తూ, "మల్ల ఇంటికొచ్చిందా సారూ?" అన్నారు.

"రాలేదు. అక్కడే స్థిరపడింది. మన రాజావర్తం మాత్రం నిఘంటువులో ఉంది."

"నిఘంటువుల ఉన్నదంటె క్యాంప్‌ల ఉన్నట్టే. మంచం మీద మంచం. ఎవ్వలన్న పేరు వెట్టి పిలిస్తెనే గద మనిషి."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఆ తర్వాత ఆయన ప్రతి శుక్రవారం నజ్మాకి వచ్చేవారు. కింద హోటల్లో ఇద్దరం దోసెలు తినేవాళ్లం. మొదటిసారి మా గది చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. "కిటికి ఏది సారూ?" లేదన్నాను. పైవారం ఒక సంచితో వచ్చి, నా మంచం ఎదుటి గోడ మీద, నిలబడితే మొహం ఎత్తుకి, పెన్సిల్‌తో కిటికీ అంత చదరం గీశారు. గరుకు కాగితంతో రుద్ది, మనసుపెట్టి తెల్ల ప్రైమర్ రెండు పూతలు వేశారు. అది ఆరాక నావైపు తిరిగి అడిగారు.

"చెప్పున్రి సారూ. మీరు ఏడ జూసిన్రు?"

లూచియాగారికి పడవ ఉంది. చాచాకి నాయనమ్మ ఉంగరం ఉంది. నాకు గుర్తొచ్చినవన్నీ శ్లోకాలు. ఆకాశానికి పర్యాయపదాలు పద్దెనిమిది గడగడా చెప్పగలను గానీ, ఎప్పుడో ఎక్కడో తలెత్తి చూసిన ఒక్క ఆకాశం గుర్తు రాలేదు. హాస్టలు గదులు, అద్దె గదులు, బస్సు సీట్లు, కాగితాలు. నలభై ఏడేళ్ల మనిషికి ఒక రంగు కూడా లేకపోవడం ఏమిటని లోపల భయం వేసింది. పైకి మాత్రం, "పైవారం చెబుతాలే నర్సన్నా" అన్నాను. "తొందరేం లేదు. యాదికొచ్చినప్పుడే చెప్పున్రి" అన్నారాయన. ప్రతి శుక్రవారం అడిగేవారు. ప్రతి శుక్రవారం నేను పైవారమనేవాణ్ణి.

పోయిన శీతాకాలంలో నన్ను బలవంతాన దోహా బయట ఒంటెల పందేలు జరిగే అల్ షహానియాకి తీసుకెళ్లారు. వాళ్ల ఊరివాడొకడు అక్కడ ఒంటెలను చూసుకుంటాడు. ముందురోజు వాన పడింది. నా బూట్లు బురదయ్యాయి, ఒంటె పాలు నాకు పడవు, నా గొణుగుడు నాది. ఆయన పందేల బాట పక్కన కంచెకు ఆనుకుని, "సారూ, గా ఫోన్ జేబుల వెట్టి ఒక్కసారి మీదికి జూడున్రి" అన్నారు. చూశాను. "ఎండగా ఉంది" అన్నాను. ఆయన నా మొహంకేసి చూసి, నా చేతిలో టీ పెట్టారు.

ఇటలీ జట్టు ఈసారి కప్పుకి రావడం లేదని తెలిసిన రోజు నేనే ఆయనకి చెప్పాను. ఆ అంగీలను ఒక్కసారి కళ్లారా చూడాలని ఆయనకి ఉబలాటంగా ఉండేది. టికెట్ దొరక్కపోయినా స్టేడియం బయట నిలబడైనా చూస్తానని అంటుండేవారు. విని, "మాఫీ అంగీలు" అని, 'లేవు' అనే అరబ్బీ మాటకి తెలుగు కలిపి నవ్వేశారు. "ఏం గాదు. వాళ్లు రాకున్న రంగైతె వచ్చింది గద. మనమే తెచ్చినం."

ఆ జట్టే రానప్పుడు ఆగడమెందుకని, బంతాట మొదలయ్యేలోపు ఆయన ఇంటికి పోదామనుకున్నారు. పూర్తిగా, తిరిగి రాకుండా. ఊళ్లో ఇంటికి కొత్త తలుపు పెట్టించారు, రంగు ఇంకా వెయ్యలేదు. భార్య రాజవ్వకి తనే వేస్తానని మాట ఇచ్చారు. ఆమెకి ఏ రంగు కావాలో అడిగారా అంటే, "గది ఫోన్ల అడిగేది గాదు సారూ. ఎదురుంగ కూసుండి అడగాలె. ఆమె కండ్లు మూసుకుంటె నేను చూడాలె" అన్నారు.

ఆయన పోయిన వారానికి హోటల్ లాబీలో నీళ్ల పైపు ఏదో మార్చడానికి పైకప్పుకి చిన్న కన్నం చేసి, మళ్లీ పూడ్చారు. పూడ్చిన చోట రంగు వెయ్యాలి. నర్సయ్యగారు పాళ్లు ఎక్కడా రాసి పెట్టలేదు. కంప్యూటర్‌తో కొలిచి కలిపించారు. ఆరాక తేలిపోయింది. మరో మేస్త్రి కలిపాడు, ముదిరింది. నేను లూచియాగారికి ఈమెయిల్ రాశాను. "ఇక ప్రయత్నించవద్దని చెప్పండి, అలాగే ఉండనివ్వండి" అని ఆమె జవాబు. నేను వెళ్లి చూసొచ్చాను. అంత పైకప్పులో అరచేయంత మచ్చ. కింద కూర్చున్న వాళ్లెవరూ చూడటం లేదు.

శవం ఊరికి చేరిన కొన్నాళ్లకు రాజవ్వగారు ఫోన్ చేశారు. నేనెవరో ఆమెకి ముందే తెలుసు.

"నజ్మా సారేనా? ఆయినె మీ ముచ్చట మస్తు జెప్తుండె. దుబాయ్‌ల ఒక సారున్నడు, మాటలల్ల మాటలు తీస్తడు అని."

ఖతర్ అని నేనూ దిద్దలేదు. ఆమే మళ్లీ అన్నారు.

"తలుపుకు రంగు తనే ఏస్తనన్నడు సారూ. ఏ రంగేద్దామనుకున్నడో మీకన్న చెప్పిండా?"

చెప్పలేదని అనబోయి ఆగాను. ఇరవై రెండేళ్లు ఆయన దాచుకున్న ప్రశ్న అది. ఎదురుగా కూర్చుని అడగాలనుకున్నారు. ఆ ఎదురు ఇక లేదు. నాకు ఆయన విద్య రాదు, ఆ ప్రశ్న ఒక్కటే వచ్చు.

"అమ్మా, మీరు చెప్పండి. మీకు నచ్చిన రంగు మీరెక్కడ చూశారు?"

ఆమె కళ్లు మూసుకున్నట్టు నాకు ఇక్కడికి తెలిసింది.

"పెండ్లయిన కొత్తల సారూ... అద్దకం జేసి ఇంటికొస్తె, మోచేతుల దాంక ఉండేది ఆయినెకు. ఎంత తోమినా పోకపోయేది. అన్నం కలుపుకుంటాంటె సిగ్గువడి దాచుకునేటోడు. గా రంగే నాకు యాదికున్నది. నీలి గాదు, తెలుపు గాదు. దాని పేరేందో నాకు తెల్వది."

దాని పేరు నాకు తెలుసు. పుట్టుపూర్వోత్తరాలతో సహా తెలుసు. ఏ కొండలో పుట్టిందో, ఏ రేవులో దిగిందో, ఏ అక్షరం పోగొట్టుకుందో అన్నీ తెలుసు. వాటిలో ఒక్కటీ ఆమె తలుపుకి పనికిరాదు. "కనుక్కుని చెబుతానమ్మా" అని ఫోన్ పెట్టేశాను. ఎవర్ని కనుక్కుంటాను?

ఆ శుక్రవారం హోటల్లో ఒక్కణ్ణే దోసె తిని, గదికొచ్చి, మంచం మీద కూర్చుని ఎదుటి గోడ మీది తెల్ల చదరాన్ని చూస్తూ కూర్చున్నాను. రాజవ్వగారు చేసినట్టు కళ్లు మూసుకున్నాను. శ్లోకాలేవీ రాలేదు. బురదైన బూట్లు వచ్చాయి. కంచె వచ్చింది. చేతిలో వేడి టీ గ్లాసు, పక్కన ఆయన భుజం, ఆ పైన వాన కడిగేసిన షహానియా ఆకాశం వచ్చాయి. ఎండగా ఉందని నేను కొట్టిపారేసిన ఆకాశమే. ఎంత నిండుగా ఉందో. నేను చూశాను. ఆయన చూపిస్తేనే చూశాను, ఆయన పక్కనుండగానే చూశాను. పక్కనున్నప్పుడు చెప్పలేకపోయాను.

మహానుభావా, నువ్వు నేర్పిన పాఠం నాకు ఇన్నాళ్లకు వంటబట్టింది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గోడకి సున్నం కొట్టించి పొమ్మంటాడు మా యజమాని. ఆ చదరాన్ని మాత్రం కొట్టనివ్వను. ప్రతి శుక్రవారం నువ్వు అడిగే వేళకి దాని ఎదుట కూర్చుంటున్నాను. ఇప్పుడు నా దగ్గర జవాబుంది నర్సన్నా. అడగడానికి నువ్వు లేవు.